అష్టమి నాడు పడవెక్కండి: మడ అడవుల్లో కయాకింగ్‌కి ఏ చోటు, ఏ రోజు

కయాక్ (ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ) ఎక్కడానికి తిథి చూడమంటే మావాళ్లు నవ్వుతారు. "ముహూర్తం కూడా పెట్టించాలా బావా?" అని మా బావమరిది వెటకారం చేశాడు. ఆ తర్వాత ఒక డిసెంబరు మధ్యాహ్నం, పడమటి తీరంలో ఒక సన్నటి పాయలో, మేమిద్దరం మోకాలి లోతు బురదలో కయాక్‌ని లాక్కుంటూ నలభై నిమిషాలు నడిచాం. వెళ్లేటప్పుడు నీళ్లున్నాయి, తిరిగొచ్చేసరికి లేవు. మమ్మల్ని తీసుకెళ్లినాయన నీళ్లు తీస్తున్నాయని చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు నుంచి మావాడు ముహూర్తం మీద జోకులు మానేశాడు.

నన్ను సలహా అడిగేవాళ్లు ఎప్పుడూ ఊళ్ల పేర్లతోనే వస్తారు. పిచ్చావరమా, గోవానా, కేరళా, లేక మన కోరంగి సరిపోతుందా అని. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ తేదీల్లో సెలవు దొరుకుతుంది? మడ అడవిలో మీరు చూసేదీ, పడే కష్టమూ, పొందే సరదా అన్నీ నీళ్ల మీద ఆధారపడతాయి. నీళ్లు తేదీని బట్టి, వేళను బట్టి మారతాయి. ఊరు ఆ తర్వాత.

ముందు నీళ్ల లెక్క

సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పుస్తకాల్లో ఆటుపోట్లు అంటాం. వేటకెళ్లేవాళ్లు పోటు, పాటు అంటారు. పోటంటే నీళ్లు లోపలికి ఎక్కడం, పాటంటే తీసేయడం. ఒక పోటుకీ తర్వాతి పాటుకీ మధ్య దాదాపు ఆరు గంటలు. రోజూ ఈ వేళ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ ఏడింటికి పోటైతే, రేపు ఎనిమిదికి కాస్త ముందు.

అమావాస్యకీ పౌర్ణమికీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ తేడా బాగా ఎక్కువ. నీళ్లు బాగా పైకి వస్తాయి, బాగా కిందికి పోతాయి, మధ్యలో వేగంగా పరుగెడతాయి. అష్టమి, నవముల దగ్గర తేడా తక్కువ, ప్రవాహం కూడా నెమ్మది. అష్టమీ నవముల్లో ప్రయాణం వద్దంటారు మన పెద్దవాళ్లు. మొదటిసారి తెడ్డు పట్టుకునేవాళ్లకి మాత్రం వాటిని మించిన రోజుల్లేవు. గోడమీది వెంకట్రామా క్యాలెండర్ చాలు, యాప్ కూడా అక్కర్లేదు.

ఆరు గంటల్లోనూ నీళ్లు ఒకే వేగంతో కదలవు. మొదటి గంటలో మెల్లగా మొదలై, మూడో, నాలుగో గంటల్లో ఉరుకుతాయి. మొత్తం పెరిగే నీటిలో సగం దాకా ఆ రెండు గంటల్లోనే వస్తుంది. కొత్తవాళ్లు తెడ్డు వేస్తే గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్తారు. ఎదురు ప్రవాహం కూడా అంతే ఉంటే, ఎంత కష్టపడినా ఒడ్డున అదే కొబ్బరిచెట్టు పక్కన ఉంటారు. అందుకే తెలిసినవాళ్లు పోటు చివరి రెండు గంటల్లో నీళ్లతో పాటు లోపలికి వెళ్లి, నీళ్లు నిలబడ్డప్పుడు కాసేపు ఆగి, పాటు మొదలవగానే దానితోనే వెనక్కి వస్తారు. చేతులు నొప్పెట్టవు. ఇంకో సంగతి: మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర పోటు వేళా, లోపలి పాయలో పోటు వేళా ఒకటి కావు. లోపలికి వెళ్లేకొద్దీ ఆలస్యమవుతుంది. ఫోన్‌లో చూపించే సమయం సాధారణంగా రేవుది. పాయ లెక్క అక్కడి మనిషికే తెలుస్తుంది.

మరి నిండు పోటు మంచిదా, పాటు మంచిదా? ఇక్కడే అసలు ఎంపిక ఉంది. నిండు నీళ్లున్నప్పుడు కయాక్ కొమ్మల కిందికి దూరుతుంది, ఆకుల సొరంగంలో వెళ్తున్నట్టుంటుంది. కానీ బురద కనబడదు, దాని మీది ప్రాణులూ కనబడవు. నీళ్లు తీసినప్పుడు అడవి లోపలి సరుకంతా బయట పడుతుంది. మేకులు గుచ్చినట్టు పైకి లేచిన శ్వాస వేర్లు, పందిరి గుంజల్లా వంగిన ఊత వేర్లు, బురద మీద గెంతే చేపలు, ఒక్క పెద్ద గిట్టని ఊపుతూ తిరిగే చిన్న ఎండ్రకాయలు, వాటికోసం కాచుకున్న కొంగలు. కానీ అప్పుడు మీరు పెద్ద పాయలోంచే చూడాలి, లోపలికి దూరితే మా బావమరిదికి పట్టిన గతే. ఫొటోలకి నిండు పోటు, ప్రాణులకి సగం తీసిన పాటు. రెండూ కావాలంటే పోటు చివర్లో దిగి, రెండున్నర గంటలు నీళ్ల మీద ఉండి, పాటులో వెనక్కి రండి. రోజంతా కయాకింగ్ అని ప్రకటనల్లో రాస్తారు గానీ తెడ్డు పట్టుకునేది ఆ రెండు మూడు గంటలే. అంతకు మించి కొత్త భుజాలు తట్టుకోవు కూడా.

మిగతావి క్లుప్తంగా

గాలి: పదకొండు దాటితే సముద్రపు గాలి లేస్తుంది. సన్నటి పాయల్లో చెట్లు అడ్డం ఉంటాయి కాబట్టి ఫర్వాలేదు, వెడల్పైన సరస్సుల్లో అలలు కొడతాయి. పొద్దున్న పూట పోటు పడే రోజు దొరికితే వదలకండి.

కాలం: మన తూర్పు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం, దక్షిణాన తమిళనాడు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు. పడమటి తీరానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా గట్టి వానలు. జనవరి, ఫిబ్రవరి రెండు తీరాలకూ బాగుంటాయి.

మొసళ్లు: ఇది సరదా విషయం కాదు. కింద ఒక్కో చోటు దగ్గర చెబుతాను.

| చోటు | నీళ్లు | తెడ్డు ఎవరి చేతిలో | మంచి నెలలు | హైదరాబాద్ నుంచి కనీసం |
|---|---|---|---|---|
| కోరంగి, కాకినాడ | వెడల్పు పాయలు, పోటుపాట్లు బాగా తెలుస్తాయి | మోటారు పడవ | జనవరి–ఫిబ్రవరి | 2 రోజులు |
| పిచ్చావరం, చిదంబరం | లోతు తక్కువ, సన్నటి దారులు | పడవాయన | జనవరి–మార్చి | 3 రోజులు |
| సాలిగ్రామ, ఉడుపి | నెమ్మది నది, చిన్న చిన్న మడ దీవులు | మీరే | నవంబరు–ఫిబ్రవరి | 3 రోజులు |
| మన్రో తురుత్తు, కొల్లం | ఇరుకు కాలువలు, తేడా తక్కువ | మీరే | డిసెంబరు–మార్చి | 4 రోజులు |
| గోవా | పెద్ద నదులు, ప్రవాహం ఎక్కువ | మీరే | నవంబరు–ఫిబ్రవరి | 3 రోజులు |
| హావ్‌లాక్, అండమాన్ | తేటనీళ్లు, రాత్రి మెరుపు | మీరే, గైడ్‌తో | జనవరి–ఏప్రిల్ | 5 రోజులు |

కోరంగి: తెడ్డు లేకపోయినా ముందు ఇక్కడికే

మా అమ్మమ్మవాళ్లది తాళ్లరేవు వైపు, కాబట్టి నాకు కొంచెం పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నా. కాకినాడకి దగ్గర్లో, గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైనే. చెక్క వంతెన మీద అడవి మధ్యలోంచి నడవొచ్చు, అటవీ శాఖ పడవలో పాయలోకి వెళ్లొచ్చు. ఆ పడవలు కూడా పోటు చూసుకునే కదులుతాయి. పొద్దున్నే వెళ్లి, పాటుకి దొరికిపోయి, రెండు గంటలు బల్ల మీద కూర్చున్న కుటుంబాల్ని చాలాసార్లు చూశాను.

కయాకింగ్ గురించి రాస్తూ మోటారు పడవ చోటు ఎందుకు చెబుతున్నావంటారా? ఇంట్లో పెద్దవాళ్లు, ఐదేళ్ల పిల్లలు ఉంటే ఇంతకన్నా తేలికైన మడ అడవి లేదు. రెండోది, చెట్ల పేర్లు ఇక్కడ మన భాషలో నేర్చుకోవచ్చు. తెల్ల మడ, నల్ల మడ, పొన్న, తిల్ల. ఇక్కడ నేర్చుకున్న ఆ నాలుగు పేర్లలో ఒకటి అబుదాబిలో కూడా పనికొస్తుంది, ఎలాగో తర్వాత చెబుతాను. చెక్క వంతెన మీద పాటు వేళ నిలబడితే బురదలోని జీవాలన్నీ కాళ్ల కిందే ఉంటాయి, కయాక్‌లోంచి కూడా అంత దగ్గరగా కనబడవు. నీటికుక్కల గుంపు కనబడితే అదృష్టం. బావురుపిల్లి ఇక్కడ ఉందన్నది నిజమే గానీ అది రాత్రి తిరిగే జీవి, దాని మీద ఆశ పెట్టుకుని వెళ్లకండి.

ఒకప్పుడు ఇది పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగువాళ్లని అక్కడ కోరంగీలు అనేవాళ్లు. పడవ దిగాక కాకినాడలో గొట్టం కాజా తినేటప్పుడు పిల్లలకి చెప్పడానికి ఇది చాలు.

ప్రయాణం తేలిక. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి కాకినాడ. జూలై, ఆగస్టుల్లో గోదావరి ఎర్రనీళ్లు వచ్చేటప్పుడు మాత్రం వద్దు.

పిచ్చావరం: అడవి అందం దీనిదే, తెడ్డు పడవాయనది

చిదంబరానికి 15 కిలోమీటర్ల దూరం. వెల్లార్, కొల్లిడం నదుల ముఖద్వారాల మధ్య దాదాపు 1,100 హెక్టార్ల మడ అడవి. 2022లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. నేను చూసినవాటిలో కొమ్మల సొరంగాలకి దీన్ని మించినది లేదు. దారులు ఎంత సన్నమంటే ఎదురుగా ఇంకో పడవ వస్తే ఒకరు వేర్లు పట్టుకుని పక్కకి జరగాలి.

ఇక్కడ జనం ఎక్కువగా ఎక్కేది తెడ్డు పడవ లేదా మోటారు పడవ. మోటారు పడవ పెద్ద కాలువల్లోనే తిరుగుతుంది, సన్నటి దారుల్లోకి రాదు. టికెట్ కిటికీ దగ్గర తొందరలో మోటారు పడవ ఎక్కి, అడవి చుట్టూ తిరిగి, అడవి చూడకుండా ఇంటికెళ్లినవాళ్లు నాకు తెలుసు. తెడ్డు పడవే అడగండి. తెడ్డు వేసేది తమిళ పడవాయన. చేతులు ఖాళీ, కళ్లు ఖాళీ. కొందరికి అదే హాయి. తెడ్డు పట్టుకోకపోతే నాకేం ఆనందం అనుకునేవాళ్లకి ఇక్కడ కొంచెం నిరాశే.

చిదంబరానికి పాత పేరు తిల్లై. ఆ పేరు వచ్చింది మన కోరంగిలోని ఆ తిల్ల చెట్టు నుంచే. దాని పాలు కంట్లో పడితే కొంతసేపు చూపు పోయేంత మంట. పడవలో కూర్చుని ఆకులు తుంచే అలవాటున్నవాళ్లని ముందే ఆపండి. 2004 సునామీలో ఈ అడవి వెనకున్న పల్లెలకి దెబ్బ తక్కువ తగిలిందన్న సంగతి తర్వాత మడ అడవుల గురించి మాట్లాడిన ప్రతిచోటా ఉదాహరణ అయింది.

నెల్లూరు, తిరుపతి, చిత్తూరువాళ్లకి ఇది దగ్గరి దారి. చెన్నై నుంచి రైలులో నాలుగైదు గంటలు. పొద్దున్న పడవ, సాయంత్రం నటరాజస్వామి దర్శనం, ఇంట్లోవాళ్లని ఒప్పించడం తేలిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా టికెట్లు బుక్ చేసుకుని వానలకి బలైపోకండి.

సాలిగ్రామ, ఉడుపి: మొదటిసారికి నా ఓటు

ఉడుపికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే సాలిగ్రామ. పక్కనే పారంపళ్లి దగ్గర సీతా నది వెనకనీళ్లలో కయాక్‌లు ఇస్తారు. సీతా, సువర్ణ నదులు కలిసి సముద్రంలోకి వెళ్లే చోటు కొంచెం దక్షిణంగా, కోడి బెంగ్రె దగ్గర. అంటే మీరు తిరిగేది మొగకి దూరంగా, నది నెమ్మదించిన చోట. చిన్న చిన్న మడ దీవులు, వాటి మధ్య దారులు, ఒక దీవిని చుట్టేస్తే ఇంకోటి. దారి తప్పినా అరగంటలో ఒడ్డు కనబడుతుంది.

మొదటిసారికి దీన్నే ఎందుకు చెబుతానంటే, తప్పు చేసినా నష్టం తక్కువ. పెద్ద పడవల రద్దీ లేదు, అలలు రావు. గైడ్ ముందు వెళ్తుంటే మీరు వెనకాల వంకరటింకరగా వెళ్లొచ్చు. మొదటి పావుగంట అందరూ వంకరగానే వెళ్తారు. తెడ్డుని గట్టిగా పట్టుకుని చేతులతో లాగడం మానేసి, నడుము తిప్పి వేయడం అలవాటయ్యాక కయాక్ తిన్నగా సాగుతుంది.

ఇద్దరు కూర్చునే కయాక్ గురించి ఒక మాట. వెనక కూర్చున్నవాళ్లే దారి తిప్పుతారు, ముందున్నవాళ్లు వేగం పెడతారు. భార్యాభర్తలు ఎక్కితే ముందే ఎవరు ఎక్కడో తేల్చుకోండి, నీళ్ల మీద తేల్చుకోవద్దు. మేం మొదటిసారి ఎక్కినప్పుడు "ఎడమ, ఎడమ" అని నేనూ, "నా ఎడమా నీ ఎడమా" అని తనూ. ఎవరి ఎడమైనా ఒకటేనని తేలేసరికి మడ కొమ్మల్లో ఇరుక్కున్నాం.

ఇంకో లాభం: ఉడుపి, కొల్లూరు, మురుడేశ్వర్, ధర్మస్థల యాత్ర మనవాళ్లు ఎలాగూ వేస్తారు. సాలిగ్రామలోనే గురునరసింహస్వామి గుడి ఉంది. యాత్రలో ఒక పొద్దున్న కేటాయిస్తే చాలు, వేరే ట్రిప్ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి మంగళూరుకి విమానం, అక్కడి నుంచి రోడ్డు మీద గంటన్నర. కాచిగూడ నుంచి రైలు కూడా ఉంది, సమయం ఉన్నవాళ్లకి.

లోటు ఏమిటంటే, అడవి పిచ్చావరం అంత దట్టం కాదు. శని, ఆదివారాల్లో సూర్యాస్తమయం వేళ బెంగళూరు జనం ఎక్కువ, పాయలో అరుపులు, పాటలు. పక్షుల కోసం వెళ్లేవాళ్లు వారం మధ్యలో పొద్దున్న పూట వెళ్లండి. పడమటి తీరంలో రోజులో రెండు పోట్లూ సమానంగా ఉండవు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. మీ వేళకి ఏది పడుతుందో అడగండి.

మన్రో తురుత్తు: అడవికన్నా ఊరు ఎక్కువ

కొల్లం దగ్గర కల్లడ నది అష్టముడి సరస్సులో కలిసే చోట ఉన్న దీవుల గుంపు. తిరువాన్కూరులో బ్రిటిష్ రెసిడెంటుగా పనిచేసిన కర్నల్ జాన్ మన్రో పేరు మీద ఆ పేరొచ్చింది. అష్టముడి 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. ఇక్కడ కయాకింగ్ అంటే ఇళ్ల పెరళ్ల మధ్యలోంచి, కొబ్బరి తోటల పక్కనుంచి, రొయ్యల చెరువుల గట్లను రాసుకుంటూ వెళ్లడం. అక్కడక్కడా మడ చెట్ల పందిరి. కాలువల మీద చిన్న వంతెనలు ఎంత కిందికి ఉంటాయంటే వెల్లకిలా పడుకుంటేనే దాటగలం. అందుకే ఇక్కడ నిండు పోటుకన్నా కొంచెం తక్కువ నీళ్లే నయం.

తెల్లవారకముందే బయల్దేరి సరస్సులో సూర్యోదయం చూసి కాలువల్లోకి రావడం ఇక్కడి పద్ధతి. నీటిమట్టం తేడా తక్కువ కాబట్టి తిథి లెక్క ఇక్కడ అంత బిగుసుగా అక్కర్లేదు. తేదీ మార్చుకోలేనివాళ్లకి అది పెద్ద వరం. అయితే పెద్ద పోట్లకి ఇక్కడి ఇళ్లలోకి ఉప్పునీళ్లు వస్తాయి, గోడలు అడుగున చివికిపోయి ఉంటాయి. ఇళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు కెమెరా దించడం మర్యాద.

శబరి ఎక్స్‌ప్రెస్ కొల్లం మీదుగానే వెళ్తుంది. మాల వేసుకునే సీజన్‌లో, అంటే నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, అందులో టికెట్ దొరకడం కష్టం. శబరిమల వెళ్లొచ్చే స్వాములు తిరుగు ప్రయాణంలో ఒక రోజు కలుపుకుంటే మాత్రం కుదురుతుంది.

గోవా: రెండోసారికి

గోవాలో కయాక్‌లు తేలిగ్గా దొరుకుతాయి, హోటళ్లకీ కొదవ లేదు. కానీ మాండవీ, జువారీ పెద్ద నదులు. పోటుపాట్ల తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది, పణజీ దగ్గర పెద్ద పడవల రాకపోకలు. పక్షులకోసమైతే చొరావ్ దీవి మీదున్న సలీం అలీ అభయారణ్యం మంచిది. రెండు చదరపు కిలోమీటర్లు కూడా లేని చిన్న చోటు, రిబందర్ నుంచి ఫెర్రీలో వెళ్లాలి. రెండు నదుల్నీ కలిపే కుంభార్జువా కాలువలో మగర్ మొసళ్లు ఉన్నాయి, వాటిని చూపించే పడవలు వేరే ఉన్నాయి. అక్కడ పడవలోనే కూర్చోండి, కయాక్ వద్దు. దక్షిణ గోవాలో సాల్ నది నెమ్మదైనది, నేనైతే అటే పంపిస్తాను.

హావ్‌లాక్: డబ్బూ రోజులూ ఉంటే

ఇప్పుడు అధికారికంగా స్వరాజ్ ద్వీప్. హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో విమానంలో పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అయింది), అక్కడి నుంచి ఫెర్రీ. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలానే ఉన్నాయి.

ఇక్కడికి ఎక్కువమంది వెళ్లేది రాత్రి కయాకింగ్ కోసం. నీళ్లలోని సూక్ష్మజీవులు కదిలిస్తే నీలంగా మెరుస్తాయి. తెడ్డు వేసిన ప్రతిసారీ నీళ్లు వెలిగి ఆరిపోతాయి. వెన్నెల ఉంటే కనబడదు, అమావాస్య దగ్గర రావాలి. చిక్కేమిటంటే పోటుపాట్లు జోరుగా ఉండేదీ అప్పుడే. కాబట్టి ఇది మొదటిసారి తెడ్డు పట్టేవాళ్లకి కాదు. ఇక్కడి పాయల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయన్నదీ గుర్తుంచుకోవాలి. 2010లో ఇదే దీవిలో సముద్రంలో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. గైడ్ వద్దన్న పాయలోకి వెళ్లకండి, చెయ్యి నీళ్లలో వేలాడేసి కూర్చోకండి. సొంతంగా కయాక్ అద్దెకు తీసుకుని తిరుగుదామన్న ఆలోచన ఇక్కడ పూర్తిగా మానుకోండి.

కయాక్ మాటే వద్దు

ఒడిశాలోని భితర్కనిక శ్రీకాకుళం, విశాఖవాళ్లకి దగ్గర. మడ అడవి అద్భుతం. కానీ అక్కడ ఉప్పునీటి మొసళ్లు పదిహేడొందల పైమాటే. మోటారు పడవలో చూసి రండి. మే, జూన్, జూలైల్లో మొసళ్లు గుడ్లు పెట్టే కాలం కాబట్టి పార్కు మూసేస్తారు. సుందర్బన్స్‌లో పులులూ, నాలుగైదు మీటర్ల పోటుపాట్లూ. అక్కడా అంతే.

దేశం బయట ఉన్నవాళ్లకి

అబుదాబిలో ఉన్న తెలుగువాళ్లకి ఇది వారాంతపు పని. నగరం పక్కనే మడ అడవి, కయాక్ అద్దెకిచ్చేవాళ్లు చాలామంది. జుబైల్ దీవిలో నీళ్ల మీద కట్టిన చెక్క దారి కూడా ఉంది. అక్కడ సహజంగా పెరిగేది ఒక్కటే జాతి, మన తెల్ల మడ. కోరంగిలో చూసిన చెట్టే ఎడారి అంచున పొట్టిగా నిలబడి ఉంటుంది. నవంబరు నుంచి మార్చి దాకా బాగుంటుంది, వేసవిలో ఆ వేడికి నీళ్ల మీద నీడ ఉండదు. సింగపూర్‌వాళ్లు చాంగీ నుంచి చిన్న పడవలో పులావ్ ఉబిన్ వెళ్లి అక్కడ తెడ్డు వేయొచ్చు. అడవి దట్టం, జాతులు ఎక్కువ, దీవి చుట్టూ సముద్రంలో ఓడల దారి మాత్రం ఉంది. గైడ్‌తోనే వెళ్లండి.

మీరెవరో చెప్పండి, చోటు చెబుతాను

ఈత రాదు, మొదటిసారి, భయం: ఉడుపి, అష్టమి దగ్గర. లైఫ్ జాకెట్ సరిగ్గా ఉంటే ఈత రాకపోవడం అడ్డు కాదు. భయంతో ఒక్కసారిగా పక్కకి వాలడమే అడ్డు.

అమ్మానాన్నలూ, చిన్నపిల్లలూ వెంట ఉంటే: కోరంగి. తమిళనాడు గుళ్ల యాత్రలో ఉంటే పిచ్చావరం తెడ్డు పడవ. కయాక్ సీటులో వెన్ను ఆనించడానికి పెద్దగా ఏమీ ఉండదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దిగేటప్పుడు ఇబ్బంది పడతారు. వాళ్ల సరదా కోసం కాకుండా మీ సరదా కోసం వాళ్లని ఎక్కించకండి.

ఒంటరిగా వెళ్లే అమ్మాయిలు: మన్రో లేదా ఉడుపి. రెండుచోట్లా గుంపుతో, గైడ్‌తో వెళ్లే పద్ధతి ఉంది. బట్టలు మార్చుకునే గది, టాయిలెట్ ఉన్నాయా అని ముందే అడగండి. చాలాచోట్ల ఉంటాయంటారు, వెళ్లాక రేకుల తలుపుకి గడియ ఉండదు.

పక్షుల పిచ్చి, పెద్ద లెన్స్: కోరంగి, చొరావ్. కయాక్‌లోంచి పెద్ద కెమెరాతో ఫొటోలు తీయడం కల. సగం సమయం నీళ్లు చొరని డ్రై బ్యాగ్ విప్పడం, మూయడంతోనే సరిపోతుంది.

సెలవు రెండు రోజులే: కోరంగి. ఇంకేదీ ఆ రెండు రోజుల్లో ఇమడదు, ఇరికిస్తే నిద్రలేని ఆదివారం, ఆఫీసులో తూలిపోయే సోమవారం.

ఇదివరకే నాలుగైదుసార్లు తెడ్డు వేసినవాళ్లు: పౌర్ణమి ముందు రోజుల్లో గోవా సాల్ నది, లేదా అమావాస్యకి హావ్‌లాక్.

ఏం వేసుకోవాలి, ఏం పెట్టుకోవాలి

పొడుగు చేతుల పలచటి టీషర్ట్, త్వరగా ఆరే ప్యాంటు. జీన్స్ తడిస్తే ఇనుము. చున్నీ, చీర తెడ్డుకి చుట్టుకుంటాయి. కాళ్లకి పట్టీలున్న శాండల్స్ వేసుకోండి, హవాయి చెప్పులు బురదలో ఉండిపోతాయి. వేర్ల మీద, రాళ్ల మీద ఆల్చిప్పలుంటాయి, చేతితో పట్టుకుంటే కోసుకుంటుంది. కళ్లద్దాలకి తాడు. నీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి. బయల్దేరే ముందు ఇడ్లీ రెండు చాలు, పూరీ కూర వద్దు. ఫోన్‌కి ప్లాస్టిక్ సంచి మెడలో వేసుకునేది కొనండి, జేబు నమ్మకండి. లైఫ్ జాకెట్ తొడుక్కున్నాక పక్కవాళ్లని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చేస్తే అది మీ సైజు కాదు, వేరేది అడగండి.

ఆఖరుగా, బుక్ చేసే ముందు ఫోన్ చేసి నాలుగు అడగండి. ఒక గైడ్‌కి ఎన్ని కయాక్‌లు? బోల్తా పడితే ఏం చేస్తారు, మళ్లీ ఎక్కడం ముందు నేర్పిస్తారా? గాలి లేస్తే ఎక్కడ ఆపుతారు? ఆ తేదీన పోటు ఎన్నింటికి, మనం దిగేది దానికి ముందా తర్వాతా? మొదటి మూడింటికి జవాబు తడబడినా కొంచెం ఓపిక పట్టొచ్చు. నాలుగో ప్రశ్నకి "ఎప్పుడైనా రండి సార్, నీళ్లెప్పుడూ ఉంటాయి" అంటే మాత్రం థాంక్స్ చెప్పి ఇంకో నంబరుకి ఫోన్ చేయండి.